ఒక గీత పైకి

ఔలూలో తెల్లవారుజాము మూడింటికి
మేలుకుని ఉండేది పేపర్లు వేసే రైమో, నేను.
నాది మంచు తోసే బండి.
పందొమ్మిది చలికాలాలుగా వీధులు శుభ్రం చేస్తున్నాను.

శుభ్రం అనేది మునిసిపాలిటీ మాట.
బ్లేడు కింద పోయేవి ఏమిటో నాకు తెలుసు:
గుమ్మం గుమ్మానికీ రైమో బూట్ల కుట్టు,
గేటు దాకా వెళ్లి మనసు మార్చుకుని
వెనక్కి తిరిగిన ఎవరివో చిన్న అడుగులు,
కుందేలు గెంతులు,
ఒకరు జారిపడి, లేచి, చుట్టూ చూసుకున్న గుంట.
చూసేదీ నేనే,
మరుక్షణం చెరిపేదీ నేనే.

ఫోనుందిగా అన్నాడు సూపర్‌వైజర్ తౌనో.
ఉంది. చలికి సగం ఛార్జి దగ్గరే ప్రాణం విడుస్తుంది,
ఉన్నంతసేపూ చీకటిని గోధుమరంగు జావ చేస్తుంది.

అక్క కూతురు సీరు పట్టిక పంపింది.
పదకొండు కెమెరాలు, ఇరవై రెండు గళ్లు.
మెగాపిక్సెళ్లు, సెన్సర్లు, ఇంకేవో అంకెలు.
నాకు కావాల్సిన గడి ఒక్కటీ లేదు:
ఉన్ని గ్లౌజు మీద తోలు గ్లౌజు వేసుకున్న చెయ్యి
ఆ బటన్లని గుర్తుపడుతుందా?

పాత కెమెరాలమ్మే ఇల్మో అడిగాడు, ఏం తీస్తారని.
చీకట్లో, మంచు మీద అడుగులు.
"అంటే తెలుపు మీద తెలుపు, వెలుగు లేనప్పుడు.
ఇంతకన్నా కష్టమైనది దొరకలేదా మీకు?"

అతని కుక్క పేరు నోకి, అంటే మసి.
నల్ల చాప మీద నల్లగా పడుకుని ఉంది.
"వచ్చినవాళ్లందరికీ పరీక్ష పెట్టేది అదే," అన్నాడు.

మొదటి కెమెరా ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం.
నోకి కన్ను చిటికెలో పట్టేసింది.
బటన్లు మాత్రం ఆవగింజలు.
ధర చూసి మర్యాదగా బల్ల మీద పెట్టాను.

రెండోది ముద్దొచ్చేలా ఉంది, చిన్నది, వెండిరంగు.
నిద్ర లేవడానికే మూడు సెకన్లు.
మూడు సెకన్లలో నా బ్లేడు ఇరవై మీటర్లు మింగేస్తుంది.

మూడోది మూలల్లో రంగు పోయి లోహం తేలింది.
ఎవరో దానితో ఎనభై ఒక్క వేలసార్లు
లోకాన్ని చూసి, చాలనుకుని, అమ్ముకున్నారు.
నోకి కన్ను దొరకబోయి చెవి దొరికింది.
అయినా దాని డయలు సీసా మూతలా గరుకుగా
గ్లౌజులోంచి నా బొటనవేలికి తగిలింది.
ఆరువందల తొంభై యూరోలు, లెన్సుతో సహా.
ఒక నెల ఓవర్‌టైము, ఇంకొంచెం.
అప్పటికీ వెండిదాని వైపు ఇంకోసారి చూశాను, అబద్ధమెందుకు.

ఆ రాత్రే తూయిరా వంతెన దిగగానే బండి ఆపాను.
రైమో అప్పుడే వెళ్లినట్టున్నాడు,
అంచులు ఇంకా పదునుగా ఉన్నాయి.
బ్లేడు పైకెత్తి, దిగి, మోకాళ్ల మీద కూర్చుని తీశాను.
తెరమీద చూస్తే మంచంతా బూడిద.
పొయ్యిలోంచి ఎత్తి పోసినట్టు.

ఇల్మో ముందే చెప్పాడు:
కెమెరాకి మంచు తెలీదు,
ఎంత తెలుపు చూపించినా ఇంత తెలుపుండదులే అనుకుని తగ్గిస్తుంది.
డయలు ఒక గీత పైకి తిప్పండి. నమ్మకపోతే ఇంకొకటి.

తిప్పాను. రెండు గీతలు.
ఒక బూటు మడమ, పక్కన అరిగిన చోటు.
రైమో కుడికాలు కాస్త ఈడుస్తాడని
ఇన్నేళ్లూ నాకు తెలీదు.

వెనక టాక్సీవాడు హారన్ కొట్టాడు.
బండెక్కి, బ్లేడు దించి,
వీధి శుభ్రం చేసుకుంటూ వెళ్లాను.